డిగ్రీ కాలేజీ లైబ్రరీకి కొత్త లెక్కల పుస్తకాలు: ఓటింగ్ మీద పుస్తకం మ్యాథ్స్ కిందకి రాదా?

లెక్కల_మేడమ్
మాది చిన్న ఊళ్ళో డిగ్రీ కాలేజీ. ఊరి పేరు, కాలేజీ పేరు వద్దు. ఈ ఏడాది లైబ్రరీ డబ్బులో మా డిపార్ట్‌మెంటుకి కొంచెం వాటా వచ్చింది, మార్చి లోపు ఖర్చు పెట్టకపోతే వెనక్కి పోతుంది. పదేళ్ళుగా ఏం కొన్నామో రిజిస్టర్ తీసి చూశాను. గైడ్లు, క్వశ్చన్ బ్యాంకులు, మళ్ళీ గైడ్లు. అనాలిసిస్‌లో (అవధులు, ఇంటిగ్రల్స్‌ని మూలాల నుంచి చూసే గణితం) అల్మరాలో ఉన్నవాటిలో కాస్త కొత్తదంటే రూడిన్ మూడో ఎడిషన్. అది 1976 నాటిది. గొప్ప పుస్తకమే, కాదనను. కానీ పిల్లలు పట్టుకెళ్ళి రెండో రోజే తెచ్చి ఇచ్చేస్తున్నారు.

ఈసారి నేనే ఒక లిస్టు రాసి కమిటీలో పెట్టాను. ఓటింగ్ గణితం మీద రెండు, మెజర్ థియరీ (పొడవు, వైశాల్యం లాంటివి ఎలా కొలవాలో చెప్పే గణితం) మీద ఒకటి, టెరెన్స్ టావో రాసిన అనాలిసిస్ రెండు భాగాలు. సీనియర్ ఒకాయన చూసి "ఓట్ల పుస్తకాలు పొలిటికల్ సైన్స్ వాళ్ళు కొనుక్కుంటారు, మీకెందుకమ్మా" అని పెన్నుతో కొట్టేశారు. "మెజర్ థియరీ సిలబస్‌లో లేదు" అని దాన్నీ కొట్టేశారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వచ్చే సోమవారం మళ్ళీ మీటింగ్ ఉంది. ఈ మధ్య వచ్చిన పుస్తకాల్లో మీరు స్వయంగా చదివినవే చెప్పండి. ఎందుకు కొనాలో నేను నిలబడి చెప్పగలిగేలా చెప్పండి.

ఎప్సిలాన్_డెల్టా
ముందు డబ్బు మిగిలే మాట. ఆక్స్‌లర్ రాసిన "మెజర్, ఇంటిగ్రేషన్ అండ్ రియల్ అనాలిసిస్" (2020) పీడీఎఫ్ ఆయన సైట్లోనే ఉచితంగా పెట్టారు. దొంగ కాపీ కాదు, రచయితా పబ్లిషరూ కలిసి ఇచ్చిందే. ఆయనదే "లీనియర్ ఆల్జీబ్రా డన్ రైట్" నాలుగో ఎడిషన్ కూడా అంతే. ఆ రెండూ కొనక్కర్లేదు, ఆ డబ్బు వేరేవాటికి వాడండి.

కోఠి_పాతపుస్తకాలు
పైన ఎప్సిలాన్ చెప్పినదానితో నేను ఏకీభవించను. మెజర్ థియరీని ఐదంగుళాల ఫోన్ తెర మీద చదివినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి. అనాలిసిస్ చదవడమంటే వేలు ఒక పేజీలో పెట్టి, వెనక్కి తిప్పి డెఫినిషన్ చూసి, మళ్ళీ ముందుకి రావడం. లైబ్రరీలో కాగితం పుస్తకం ఉండి తీరాలి.

ఎప్సిలాన్_డెల్టా
అందుకు అడ్డేముంది? లాభానికి కాకుండా ప్రింటు తీసుకోవచ్చని దాని లైసెన్సులోనే ఉంది. జిరాక్స్ షాపులో ఇచ్చి స్పైరల్ బైండింగ్ చేయిస్తే కాగితం పుస్తకమే కదా. నేను అలాగే చదివాను. మొదటి అధ్యాయంలో ఆయన రీమాన్ ఇంటిగ్రల్ (గ్రాఫు కింది వైశాల్యాన్ని సన్నటి ముక్కలుగా కోసి కలిపే పద్ధతి) నేర్పి, ఆ వెంటనే అది ఎక్కడ చాలదో చూపిస్తారు. అకరణీయ సంఖ్య దగ్గర 1, కరణీయ సంఖ్య దగ్గర 0 అనే ఫంక్షన్ తీసుకోండి. ఎంత సన్నగా ముక్కలు కోసినా ప్రతి ముక్కలోనూ రెండు రకాలూ ఉంటాయి కాబట్టి పై మొత్తం 1 దగ్గరే, కింది మొత్తం 0 దగ్గరే ఉండిపోతాయి. ఇంకో రకం ఇంటిగ్రల్ తెచ్చిన లెబేగ్ ఎందుకు కావలసి వచ్చాడో నాకు అక్కడ అర్థమైంది. అంతకుముందు ఎమ్మెస్సీ పరీక్ష రాసి పాసయ్యాను గానీ ఆ "ఎందుకు" తెలియదు.

నెట్_ప్రిపరేషన్
నా మాట కొంచెం చేదుగా ఉంటుంది మేడమ్. మా ఊరి పిల్లలకి ఉద్యోగం కావాలి. డీఎస్సీకి, పీజీ ఎంట్రన్స్‌కి పనికొచ్చే పుస్తకం దొరక్క ఏడుస్తుంటే ఓటింగ్ పుస్తకాలేంటి? గైడ్లని తక్కువ చేసి మాట్లాడకండి. నేను డిగ్రీ పాసయ్యింది గైడు వల్లే.

ఒక్క విషయంలో మాత్రం మీ సీనియర్‌ది తప్పు. మెజర్ థియరీ డిగ్రీలో లేకపోవచ్చు, సీఎస్ఐఆర్ నెట్ సిలబస్‌లో లెబేగ్ మెజర్, లెబేగ్ ఇంటిగ్రల్ ఉన్నాయి. గేట్‌లోనూ ఉన్నాయి. ఆ సిలబస్ పేజీ ప్రింటు తీసి కమిటీ ముందు పెట్టండి.

లెక్కల_మేడమ్
@నెట్_ప్రిపరేషన్ చేదేం కాదు, పనికొచ్చే మాట చెప్పారు. గైడ్లు కొనొద్దనడం లేదు, అవే కొంటున్నాం అని నా బాధ. సిలబస్ పేజీ ఈరోజే ప్రింటు తీస్తాను.

సున్నా_నుంచి
టావో గురించి నేను చెప్పాలి. నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం. డిగ్రీలో "లిమిట్" అన్నప్పుడల్లా మనసులో "అవధి" అని తిప్పుకుని, అర్థం చేసుకుని, మళ్ళీ ఇంగ్లిష్‌లో రాసేదాన్ని. రూడిన్ తెరిస్తే నాలుగు లైన్ల ప్రూఫు. మధ్యలో మింగేసిన మెట్లు ఎక్కడున్నాయో తెలియక అరగంట కూర్చుండిపోయేదాన్ని.

టావో పుస్తకం 2003లో ఆయన అమెరికాలోని యూసీఎల్ఏ యూనివర్సిటీలో చెప్పిన పాఠాల నుంచి పుట్టింది. మొదట అచ్చు వేసింది మన ఢిల్లీ వాళ్ళే, హిందుస్తాన్ బుక్ ఏజెన్సీ, 2006లో. ఇప్పుడు నాలుగో ఎడిషన్ ఉంది. సున్నాతో మొదలుపెడతారు. సున్నా ఒక సంఖ్య, ప్రతి సంఖ్యకీ తర్వాతిది ఒకటి ఉంటుంది, అంతే. రెండో అధ్యాయంలో 6, 2కి సమానం కాదు అని నిరూపిస్తారు! మొదటిసారి చదివినప్పుడు ఇదేమిటి, చిన్నపిల్లల లెక్క అనుకున్నాను. ప్రూఫు మూసేసి సొంతంగా రాయబోతే చెయ్యి కదల్లేదు. 6 = 2 అనుకుంటే 5 = 1, అప్పుడు 4 = 0, కానీ సున్నా దేనికీ "తర్వాతిది" కాదు కాబట్టి కుదరదు. ఆ మూడు మెట్లు సొంతంగా రాసిన రోజు నాకు ప్రూఫు అంటే భయం పోయింది. వాస్తవ సంఖ్యలు ఐదో అధ్యాయానికి గానీ రావు. మెల్లగా నడిచే పుస్తకం. నాలాంటి వాళ్ళకి ఆ నెమ్మదే కావాలి.

ఎప్సిలాన్_డెల్టా
@సున్నా_నుంచి బాగా చెప్పారు. 2025లో టావో ఆ మొదటి భాగానికి లీన్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక జోడీ తయారుచేసి అందరికీ తెరిచి పెట్టారు. అభ్యాసాలు ఖాళీగా వదిలేశారు. మనం ప్రూఫు నింపితే తప్పో ఒప్పో కంప్యూటరే చెబుతుంది. కాలేజీ ల్యాబ్‌లో నాలుగు సిస్టమ్‌లు ఉంటే చాలు, పేపర్లు దిద్దే మాస్టారు పక్కన లేకపోయినా నడుస్తుంది.

పీజీ_హాస్టల్_204
అసలు ప్రశ్న పక్కకి పోతోంది. ఓటింగ్ మ్యాథ్సా కాదా? మా మెస్‌లో జరిగింది చెప్తా. ఆదివారం టిఫిన్ మార్చాలని గొడవ. ముగ్గురు రూమ్మేట్లం. నాకు ఇడ్లీ, తర్వాత ఉప్మా, చివర పూరీ. రెండోవాడికి ఉప్మా, పూరీ, ఇడ్లీ. మూడోవాడికి పూరీ, ఇడ్లీ, ఉప్మా. ఇడ్లీ, ఉప్మాల మధ్య ఓటేస్తే 2-1తో ఇడ్లీ. ఉప్మా, పూరీ మధ్య 2-1తో ఉప్మా. అయితే పూరీ కంటే ఇడ్లీ గెలవాలి కదా? గెలవదు, 2-1తో పూరీ గెలుస్తుంది! ముగ్గురం తెలివిగా ఉన్నాం, గది మాత్రం గానుగెద్దులా గుండ్రంగా తిరుగుతోంది. 1785లో ఫ్రెంచి గణితవేత్త కాండోర్సే చూసింది ఇదే.

తర్వాత కూర్చుని లెక్కపెట్టాను. ఒక్కొక్కరికి 6 వరసలు, ముగ్గురికీ కలిపి 216. అందులో ఇలా తిరిగేవి సరిగ్గా 12. ఎందుకంటే ఒక చక్రంలో మూడు పోలికలు ఉంటాయి, ఏ ఒక్కరూ మూడూ ఒప్పుకోలేరు, మహా అయితే రెండు. ప్రతి పోలికకీ కనీసం రెండు ఓట్లు కావాలంటే మొత్తం ఆరు. కాబట్టి ముగ్గురూ తలా రెండే, తలా ఒకటి వేర్వేరుగా వదలాలి. అలా 6 రకాలు, చక్రం అటు తిప్పితే ఇంకో 6. 12/216, అంటే 1/18. ఇది మ్యాథ్స్ కాకపోతే ఇంకేది మ్యాథ్స్?

కోఠి_పాతపుస్తకాలు
చివరికి టిఫిన్ ఏం పెట్టారు తమ్ముడూ?

పీజీ_హాస్టల్_204
వార్డెన్ వచ్చి ఉప్మా అన్నారు అన్నా.

రాజకీయం_వద్దు
ఆ వార్డెనే ఆరో సిద్ధాంతం. ప్రజాస్వామ్యం అసాధ్యం, నియంత తప్పదు అని ఆరో నిరూపించాడు కదా.

లెక్కల_మేడమ్
అలా చెప్పకండి, ఆ మాట వల్లే కమిటీల్లో మాకు చెడ్డపేరు. కెన్నెత్ ఆరో అనే ఆర్థికవేత్త 1951 పుస్తకంలో చెప్పింది వేరు. ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువమంది అభ్యర్థులు ఉండి, ఓటర్లు వరసలు ఇస్తే, వాటిని కలిపి ఒక వరస తయారుచేసే పద్ధతికి కొన్ని షరతులు పెట్టారు. అందరూ ఒకరిని పైన పెడితే ఫలితంలోనూ పైనే ఉండాలి. ఇద్దరి మధ్య తీర్పు మూడోవాడి వల్ల మారకూడదు. ప్రతిసారీ ఒకే వ్యక్తి మాటే చెల్లేలా ఉండకూడదు. ఈ మూడూ ఒకేసారి కుదరవు, అంతే. ఏ షరతు కొంచెం సడలించాలి అనేది మన ఎంపిక. ఆ ఎంపికలో అమర్త్య సేన్ ఎంత పని చేశారో! 1970 నాటి "కలెక్టివ్ చాయిస్ అండ్ సోషల్ వెల్ఫేర్" ని పెంచి 2017లో మళ్ళీ తెచ్చారు. అందులో ఒక అధ్యాయం మామూలు మాటల్లో, తర్వాతి అధ్యాయం అదే విషయం లెక్కల్లో. పిల్లలకి అలవాటు చేయడానికి ఆ అమరిక ఎంత బాగుంటుందో.

(మా క్లాసులో "ఆరో సిద్ధాంతం" అని బోర్డు మీద రాస్తే, మొదటి ఐదూ ఎప్పుడు చెప్పారు మేడమ్, నేను ఆబ్సెంటా అని ఒక అబ్బాయి కంగారు పడ్డాడు.)

అనంతపురం_రిటైర్డ్
ఓటింగ్ లెక్క మనది కాదనే పెద్దమనిషికి 1969 రాష్ట్రపతి ఎన్నిక చూపించండి. ప్రధానంగా పోటీ పడింది ఇద్దరు తెలుగువాళ్ళు. మా జిల్లా నీలం సంజీవరెడ్డి గారు, బరంపురంలో పుట్టిన వి.వి. గిరి గారు. గెలవడానికి కావలసింది 4,18,169. మొదటి ప్రాధాన్యతలో గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్‌కి 1,12,769. ఎవరూ దాటలేదు. రెండో ప్రాధాన్యతలు కలిపాక గిరి 4,20,077, రెడ్డి 4,05,427.

తీసివేతలు చేయండి. పంచిన ఓట్లలో రెడ్డి గారికి 91,879 వచ్చాయి, గిరి గారికి 18,562 మాత్రమే. అయినా గిరి గారే గెలిచారు, గీత దాటింది 1,908తో. మా నాన్నగారు రేడియో పక్కన కాగితం పెట్టుకుని ఈ అంకెలు రాసుకోవడం నాకు గుర్తు. ఓటు విలువలు, ప్రాధాన్యతలు అన్నీ నాకు ఆయనే నేర్పారు. నేను లెక్కల మాస్టారినయ్యింది ఆ కాగితం వల్లే.

నెట్_ప్రిపరేషన్
ఇది నాకు తెలియదు. ఇద్దరూ మనవాళ్ళేనని కూడా తెలియదు.

కరీంనగర్_కాక
గంత దూరం ఎందుకు, పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక చూడుర్రి. 2021ల హైదరాబాద్-రంగారెడ్డి-మహబూబ్‌నగర్ సీటుకు 93 మంది నిలబడ్డరు. బ్యాలెట్ పేపర్ దినపత్రిక అంత ఉండె. నేను ఒక లెక్కింపు హాల్ల ఏజెంటుగ కూసున్న మనిషిని. అందరికన్న తక్కువ వచ్చినోణ్ణి తీసేయాలె, ఆయన పేపర్లు విప్పి 2 అంకె ఎవరికి ఉందో చూసి ఆ డబ్బల వెయ్యాలె. మళ్ళ కిందోణ్ణి తియ్యాలె. రాత్రి, పగలు, మళ్ళ రాత్రి. నాకు బాధైంది ఏందంటే, డిగ్రీలు సదివినోళ్ళు ఊదారంగు పెన్నుతోని అంకె వెయ్యమంటే టిక్కు కొట్టిన్రు. చెల్లని ఓట్ల కట్ట నా కండ్ల ముందే పెరుగుతుండె. గా పుస్తకం డిగ్రీ కాలేజీల ఉంటే గిట్లయితదా?

లెక్కల_మేడమ్
@కరీంనగర్_కాక మీ చివరి వాక్యం కమిటీలో చదువుతాను, అనుమతి ఇవ్వండి.

కరీంనగర్_కాక
సదువు బిడ్డా.

ఎప్సిలాన్_డెల్టా
కాక చెప్పిన ఆ తీసివేత పద్ధతిలో కూడా చిక్కుంది. 2022 ఆగస్టులో అమెరికాలోని అలాస్కా ఉప ఎన్నిక అలాగే జరిగింది. పెల్టోలా, పేలిన్, బెగిచ్ ముగ్గురూ ఉంటే బెగిచ్ మూడో స్థానంలో ఉండి మొదటే పోయాడు. కానీ బ్యాలెట్లు విప్పి జంటలుగా పోల్చి చూస్తే మిగతా ఇద్దరిలో ఎవరితో తలపడినా బెగిచ్‌దే పైచేయి. చాలామందికి రెండో ఇష్టమైనవాడు మొదటి రౌండులోనే ఇంటికి.

పుస్తకాల సంగతికి వస్తే, ఇస్మార్ వోలిచ్ "మేకింగ్ డెమోక్రసీ కౌంట్" (2024, ప్రిన్స్‌టన్) హాయిగా చదివిస్తుంది, రాసినాయన టోపాలజీ మనిషి. ఉదాహరణలు చాలావరకు అమెరికావే, అదొక్కటే మనకి ఇబ్బంది. క్లాసులో చెప్పడానికి మాత్రం హాడ్జ్, క్లైమా రాసిన "ద మ్యాథమెటిక్స్ ఆఫ్ వోటింగ్ అండ్ ఎలక్షన్స్" రెండో ఎడిషన్ (2018) తీసుకోండి. అది ప్రశ్నలు అడుగుతూ పోతుంది, జవాబులు పిల్లలే కట్టుకోవాలి. ఒక్కటే కొనగలిగితే అదే కొనండి.

కోఠి_పాతపుస్తకాలు
నియోజకవర్గాల పునర్విభజన గురించి రోజూ టీవీల్లో వింటున్నాం కాబట్టి ఇంకొకటి చేర్చండి. బాలిన్స్కీ, యంగ్ రాసిన "ఫెయిర్ రిప్రజెంటేషన్". కొత్తది కాదు, 1982ది, 2001లో రెండో ఎడిషన్. 1880 జనాభా లెక్కల తర్వాత అమెరికాలో సభ మొత్తం సీట్లు 299 అయితే అలబామాకి 8 వస్తాయి, 300కి పెంచితే 7 వస్తాయి అని తేలింది. సీట్లు పెంచితే ఒక రాష్ట్రానికి తగ్గడమా! భిన్నాలను దగ్గరి పూర్ణాంకానికి సర్దడంలో ఇంత ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ప్రతి దొరికింది, అట్ట ఊడిపోయింది, అయినా ఎవరికీ ఇవ్వను.

డల్లాస్_తెలుగు
మేడమ్, మీ సీనియర్ రెండు రకాల పుస్తకాలు విడివిడిగా కొట్టేశారు కదా, ఓటింగ్ ఒకటి, అనాలిసిస్ ఒకటి. ఆ రెండూ ఒకే అరలో ఉండాలని చెప్పే పుస్తకం ఉంది. రయన్ ఓడానెల్ "అనాలిసిస్ ఆఫ్ బూలియన్ ఫంక్షన్స్" (కేంబ్రిడ్జ్, 2014). రచయితే 2021లో ఆర్కైవ్ (arXiv) అనే సైట్లో ఉచితంగా పెట్టారు.

సంగతి ఇది. ప్రతి ఓటునీ +1 లేదా -1 అనుకోండి. ఎన్నిక అంటే n ఓట్లు తీసుకుని +1 లేదా -1 ఇచ్చే ఫంక్షన్. దానికి ఫోరియర్ విస్తరణ రాయొచ్చు! వీణ తీగ మోతని స్వరాలుగా విడదీసినట్టే, ఎన్నికని విడదీయొచ్చు. ఒక్కో ఓటరు విడిగా ఎంత, ఇద్దరు కలిసి ఎంత, ముగ్గురు కలిసి ఎంత. 2002లో గిల్ కలాయ్ అనే గణితవేత్త ఈ దారిలోనే ఆరో సిద్ధాంతానికి కొత్త ప్రూఫు ఇచ్చారు.

హాస్టల్_204 లెక్కని కలాయ్ ప్రూఫులోని ఫార్ములాలో వేసి చూశాను. ముగ్గురి మెజారిటీకి ఫోరియర్ గుణకాల వర్గాలు: ఒక్కొక్క ఓటరుకి 1/4, ముగ్గురూ కలిసినదానికి 1/4. చక్రం రాకుండా ఉండే సంభావ్యత = 3/4 - (3/4) × [(3/4)(-1/3) + (1/4)(-1/27)]. లెక్కిస్తే 17/18. తమ్ముడు వేళ్ళ మీద లెక్కపెట్టిన 1/18 పోగా మిగిలింది సరిగ్గా అదే. ఓటర్ల సంఖ్య పెంచుకుంటూ పోతే చక్రం రాని సంభావ్యత సుమారు 91.2 శాతం దగ్గర ఆగుతుంది. ఆ అవధి విలువలో π ఉంటుంది, (-1/3) కి ఆర్క్ కొసైన్ ఉంటుంది. ఓట్ల డబ్బాలోంచి π వచ్చింది!

పీజీ_హాస్టల్_204
అన్నా, 17/18 చూసి కుర్చీలోంచి లేచాను. రూమ్మేట్‌ని లేపి చూపించాను.

సున్నా_నుంచి
నాకు ఫోరియర్ అంటే డిఫరెన్షియల్ ఈక్వేషన్లలో సైన్, కొసైన్ల చాప్టర్ మాత్రమే. ఇలా కూడా ఉంటుందా? ఈ పుస్తకం చదవాలంటే ముందు ఏం రావాలి?

డల్లాస్_తెలుగు
@సున్నా_నుంచి మొదటి రెండు అధ్యాయాలకి లీనియర్ ఆల్జీబ్రా, కొంచెం సంభావ్యత చాలు అమ్మా. ఆరో సిద్ధాంతం రెండో అధ్యాయంలోనే వస్తుంది. తర్వాతి అధ్యాయాలు కష్టం, నేనూ మధ్యలో ఆగి ఉన్నాను. నువ్వు మొదలుపెడితే చెప్పు, వారానికి ఒకరోజు వీడియో కాల్‌లో కలిసి చదువుదాం.

బందరు_అబ్బాయి
ఫోరియర్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. కె. చంద్రశేఖరన్ గారు పుట్టింది మా మచిలీపట్నంలో, 1920లో. బాక్నర్‌తో కలిసి 1949లోనే "ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్స్" అనే పుస్తకం రాశారు. టాటా ఇన్‌స్టిట్యూట్‌లో గణితాన్ని నిలబెట్టినవాళ్ళలో ఆయన ముఖ్యులు. మా ఊళ్ళో పదిమందిని అడిగితే ఒక్కరికీ ఆయన పేరు తెలియదు. మేడమ్, మీ లైబ్రరీ గోడ మీద ఆయన ఫొటో ఒకటి పెట్టండి.

నెట్_ప్రిపరేషన్
నేను మొదట అన్న మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. గైడ్లు కావాలి. కానీ సంభావ్యత లెక్కలకి ఈ ఓటింగ్ ఉదాహరణలు మంచి ప్రాక్టీసు. 216లో 12 అన్నది పరీక్షలో అడగదగిన ప్రశ్నే. మా కోచింగ్ గ్రూపులో పెట్టాను, నలభై మందిలో ఇద్దరే చేశారు.

లెక్కల_మేడమ్
మీటింగ్ అయింది. నెట్ సిలబస్ పేజీ చూపించాను, 1969 అంకెలు చదివాను, కాక మాట చదివాను. సీనియర్ గారు అంకెలు మళ్ళీ చెప్పమని అడిగి కాగితం మీద తీసివేత చేసుకున్నారు. 1,908 వచ్చాక కాసేపు ఏం మాట్లాడలేదు. హాడ్జ్-క్లైమా, వోలిచ్, టావో రెండు భాగాలు, సేన్ ఒప్పుకున్నారు. ఆక్స్‌లర్, ఓడానెల్ ప్రింటు తీయించి బైండింగ్ చేయిస్తున్నాం. మిగిలిన డబ్బుకి గైడ్లే, @నెట్_ప్రిపరేషన్ చెప్పినట్టు.

ఇంకొకటి. ఫైనలియర్ ఫేర్‌వెల్ భోజనానికి 37 మందితో వరసలు రాయించాను. మొదటి ఇష్టం: బిర్యానీ 16, పులిహోర 11, టమాటా రైస్ 10. మామూలుగా అయితే బిర్యానీ గెలిచినట్టే. కానీ జంటలుగా పోల్చితే పులిహోర బిర్యానీని 21-16తో, టమాటా రైస్‌ని 20-17తో ఓడించింది. తక్కువ వచ్చిన టమాటా రైస్‌ని తీసేస్తే ఆ పదిమందీ పులిహోర వైపే వెళ్ళారు. పులిహోరకి ఆర్డర్ ఇచ్చాం. ఆ పదహారు మందిలో ఒకమ్మాయి బోర్డు దగ్గరికి వచ్చి, వరసలన్నీ మళ్ళీ తనే లెక్కపెట్టింది. పుస్తకం రాగానే ముందు తనకే ఇవ్వాలని అడిగింది.

కోఠి_పాతపుస్తకాలు
ఆ అమ్మాయికే ముందు ఇవ్వండి మేడమ్. నా అట్ట ఊడిన "ఫెయిర్ రిప్రజెంటేషన్" బైండింగ్ చేయించి మీ లైబ్రరీకి పంపుతాను. అడ్రస్ విడిగా మెసేజ్ పెట్టండి.